బ్లో-ఆఫ్ వాల్వు ఎక్కడ బిగించాలి: టర్బో పెట్రోలు కార్లకు సమగ్ర మార్గదర్శి

టర్బో తోసే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దాటి వచ్చే పైపు మీద, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీకి వీలైనంత దగ్గరగా. బ్లో-ఆఫ్ వాల్వుకు సరైన చోటు ఏదని అడిగితే చాలా కార్లకు చెప్పదగిన జవాబు ఇదే. అయితే ఈ ఒక్క మాట పట్టుకుని పైపుకు రంధ్రం చేయించుకున్నవాళ్ళలో కొందరి కార్లు కూడలి దగ్గర ఆగగానే ఆరిపోతుంటాయి, గేరు మార్చిన ప్రతిసారీ నల్లటి పొగ వదులుతుంటాయి. లోపం వాల్వులో ఉండదు. దాన్ని ఎక్కడ పెట్టాలని అడిగే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: లోపలికి వెళ్లే గాలిని మీ ఇంజిన్ ఎక్కడ కొలుస్తోంది? వాల్వు చోటు, అది వదిలే గాలి వెళ్లాల్సిన దారి, రెండూ ఈ జవాబు మీదే ఆధారపడి ఉంటాయి.

వాల్వు చేసే పని

మీరు యాక్సిలరేటర్ నొక్కి ఉంచినప్పుడు టర్బోలోని కంప్రెసర్ చక్రం నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతూ గాలిని ఇంటర్‌కూలర్ గుండా ఇంజిన్ వైపు తోస్తుంటుంది. గేరు మార్చడానికి కాలు తీయగానే థ్రాటిల్ పలక మూసుకుంటుంది. చక్రం మాత్రం వెంటనే ఆగదు. నీళ్ళు జోరుగా వస్తున్న కుళాయిని ఒక్కసారిగా కట్టేస్తే పైపు ధడేల్‌మన్నట్టే, ఇక్కడ కూడా పలకకు కొట్టుకున్న గాలి ఒత్తిడి తరంగమై టర్బో వైపు వెనక్కి మళ్ళుతుంది. ప్రవాహం పడిపోయి ఒత్తిడి మాత్రం అలాగే నిలిస్తే కంప్రెసర్ రెక్కల మధ్య నుంచి గాలి వెనక్కి తన్నుతుంది. దీనినే కంప్రెసర్ సర్జ్ అంటారు. రెక్కలు కొట్టుకున్నట్టు వినిపించే టపటప శబ్దం దానిదే. తక్కువ బూస్టులో, అంటే టర్బో పెంచే గాలి ఒత్తిడి తక్కువగా ఉన్నప్పుడు, ఎప్పుడో ఒకసారి వినిపిస్తే పెద్ద ప్రమాదం లేదు. ఎక్కువ బూస్టులో పదేపదే జరిగితే మాత్రం టర్బో షాఫ్టును అటూ ఇటూ జరగకుండా పట్టి ఉంచే థ్రస్ట్ బేరింగు దెబ్బతింటుంది.

వాల్వులో ఒక పిస్టన్ లేదా డయాఫ్రమ్, దాని మీద ఒక స్ప్రింగు ఉంటాయి. అడుగు భాగం బూస్టు పైపుకు, పై గది సన్నని గొట్టం ద్వారా, థ్రాటిల్ దాటిన గాలిని సిలిండర్లకు పంచే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌కు కలిసి ఉంటాయి. థ్రాటిల్ తెరిచి ఉన్నంతసేపూ రెండు వైపులా ఇంచుమించు ఒకే ఒత్తిడి ఉంటుంది కాబట్టి స్ప్రింగు వాల్వును మూసి ఉంచుతుంది. థ్రాటిల్ మూసుకోగానే మ్యానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఏర్పడి పిస్టన్‌ను పైకి లాగుతుంది, కింద నిలిచిపోయిన బూస్టు దాన్ని తోస్తుంది, దారి తెరుచుకుంటుంది.

"బూస్టు పెంచాను కాబట్టి గట్టి స్ప్రింగు కావాలి" అనే నమ్మకం ఎంత బలంగా పాతుకుపోయిందో చూస్తే బాధ కలుగుతుంది. బూస్టు పెరిగితే పిస్టన్‌కు రెండు వైపులా పెరుగుతుంది. స్ప్రింగును నిర్ణయించేది ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా ఊరికే తిరుగుతున్నప్పుడు, మీ ఇంజిన్ ఇచ్చే వాక్యూమ్. దాని దగ్గరకు తర్వాత వద్దాం.

మన రోడ్ల మీది టర్బో కార్లలో డీజిల్‌వి చాలా ఉన్నాయి కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. డీజిల్ ఇంజిన్ శక్తిని గాలికి అడ్డం వేసి కాదు, ఇంధనాన్ని తగ్గించి అదుపు చేస్తుంది. కొన్ని డీజిల్ ఇంజిన్లలో థ్రాటిల్ లాంటి పలక ఉన్నా దాని పని వేరు. మీరు కాలు తీసినప్పుడు గాలికి ఎదురుగా గోడ లేవదు కాబట్టి బ్లో-ఆఫ్ వాల్వు అవసరమే లేదు. డీజిల్ కార్లకు శబ్దం కోసం అమ్మే కిట్లు ఇంజిన్‌కు చేసే మేలు ఏమీ లేదు. ఈ మార్గదర్శి పెట్రోలు కార్లకే.

మొదటి పని: కారులో ఇప్పటికే ఏముందో చూడండి

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన టర్బో పెట్రోలు కార్లలో చాలావాటికి ఈ వాల్వు ముందే ఉంటుంది. అది గాలిని బయటకు వదలకుండా తిరిగి టర్బో నోటికే, అంటే అది గాలి పీల్చుకునే చోటికే, పంపుతుంది కాబట్టి శబ్దం రాదు, శబ్దం రాదు కాబట్టి లేదనుకుంటారు. దీన్ని బైపాస్ వాల్వు, డైవర్టర్ వాల్వు అని కూడా పిలుస్తారు.

స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్ఐ లాంటి కార్లలో ఉండే ఈఏ888 ఇంజిన్‌లో ఇది కంప్రెసర్ హౌసింగ్‌కే బిగించి ఉంటుంది. పైగా వాక్యూమ్‌తో కాకుండా, ఇంజిన్‌ను అదుపు చేసే కంప్యూటర్ (ఈసీయూ) పంపే విద్యుత్ సంకేతంతో తెరుచుకుంటుంది. ఇలాంటి కారులో చార్జ్ పైపుకు, అంటే టర్బో నుంచి థ్రాటిల్ దాకా గాలిని మోసే పైపుకు, రంధ్రం చేసి రెండో వాల్వు పెట్టడం దండగ. పాతది పాడైతే అదే చోట బిగిసే మెరుగైన వాల్వు తెచ్చుకోవడమే తెలివైన పని. కొన్ని కొత్త చిన్న ఇంజిన్లలో, టర్బోను తిప్పే పొగను పక్కకు మళ్ళించే వేస్ట్‌గేటును విద్యుత్ మోటారే వేగంగా తెరిచేస్తుంది, అసలు డైవర్టర్ వాల్వే ఉండదు. వాటి జోలికి పోకండి.

మరి కొత్త చోటు వెతకాల్సిన అవసరం ఎవరికి వస్తుంది? పెద్ద టర్బో వేసినవాళ్ళకు, ఇంటర్‌కూలర్ మార్చినవాళ్ళకు, టర్బో లేని ఇంజిన్‌కు టర్బో అమర్చినవాళ్ళకు. చక్కటి ఉదాహరణ 2002 నుంచి 2007 వరకు వచ్చిన సుబారు డబ్ల్యూఆర్ఎక్స్. అందులో ఇంటర్‌కూలర్ ఇంజిన్ మీదే కూర్చుని ఉంటుంది, బైపాస్ వాల్వును నేరుగా దానికే బోల్టులతో బిగిస్తారు. ఆ ఇంటర్‌కూలర్ తీసేసి బంపర్ వెనక పెద్దది పెట్టుకుంటే వాల్వు కూర్చునే చోటే మాయమవుతుంది. కిట్‌తో వచ్చే పైపుకు వాల్వును బిగించే ఫ్లాంజ్ లేకపోతే మీరే చోటు ఎంచుకోవాలి.

డబ్బు ఖర్చు పెట్టే ముందు చట్టం సంగతి కూడా చూసుకోండి. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నిలబెట్టింది. అమెరికాలోని తెలుగువాళ్ళలో కాలిఫోర్నియాలో ఉండేవారు, కొనబోయే భాగానికి ఆ రాష్ట్ర వాయు వనరుల బోర్డు ఇచ్చే మినహాయింపు సంఖ్య ఉందో లేదో చూడాలి. లేకపోతే పొగ తనిఖీలో బండి తప్పుతుంది. ట్రాక్ మీదికి మాత్రమే తీసుకెళ్ళే కారు సంగతి వేరు.

రెండో పని: గాలిని ఎక్కడ కొలుస్తున్నారో కనుక్కోండి

బానెట్ తెరిచి ఎయిర్ ఫిల్టర్ పెట్టె నుంచి టర్బో వైపు వెళ్లే గొట్టాన్ని చూడండి. ఫిల్టర్ దాటగానే పైపు మీద వైర్లు ఉన్న చిన్న సెన్సార్ కనిపిస్తే అది చాలావరకు మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్, అంటే ఎంఏఎఫ్. అది లేకుండా మ్యానిఫోల్డ్ మీద ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సార్ మాత్రమే ఉంటే, ఈసీయూ ఒత్తిడి, ఉష్ణోగ్రత, ఇంజిన్ వేగాలను బట్టి గాలిని లెక్క కడుతోందన్నమాట. కొన్నింటిలో రెండూ ఉంటాయి. అప్పుడు ఎంఏఎఫ్ ఉన్న కారుగానే భావించండి.

ఎంఏఎఫ్ ఫిల్టర్ దగ్గర ఉంటే, టర్బోలోకి వెళ్లిన గాలి అంతా ఇంజిన్‌లోకే వెళ్తుందని ఈసీయూ నమ్మి దానికి సరిపడా పెట్రోలు చల్లుతుంది. వాల్వు ఆ గాలిలో కొంత బయటకు వదిలేస్తే పెట్రోలు ఎక్కువవుతుంది. నల్ల పొగ, ఆగిపోయే ఇంజిన్, కాలక్రమంలో చెడిపోయే క్యాటలిటిక్ కన్వర్టర్, అన్నిటికీ మూలం ఇదే. కాబట్టి ఇలాంటి కారులో వాల్వు ఎక్కడున్నా అది వదిలే గాలి ఎంఏఎఫ్‌కూ టర్బోకూ మధ్య ఉన్న గొట్టంలోకి తిరిగి రావాలి.

మ్యాప్ మాత్రమే ఉన్న కారులో గాలిని బయటకు వదిలినా లెక్క తప్పదు. అయినా నా ఓటు రోడ్డు మీద తిరిగే కారుకు తిరిగి పంపే పద్ధతికే. చార్జ్ పైపులో ఎప్పుడూ కొంత నూనె ఆవిరి ఉంటుంది, దాన్ని బానెట్ కింద చిమ్మడం నాకు నచ్చదు.

ఇంకో అమరిక కూడా ఉంది: ఎంఏఎఫ్‌ను ఇంటర్‌కూలర్ తర్వాత, థ్రాటిల్‌కు ముందు పెట్టడం. అప్పుడు వాల్వు సెన్సార్‌కు ముందు, అంటే టర్బో వైపు ఉండాలి. వదిలిన గాలిని సెన్సార్ చూడనే చూడదు కాబట్టి బయటకు పంపినా ఫరవాలేదు. రెండింటి మధ్య కనీసం ఒక అడుగు దూరం ఉంచండి. వాల్వు తెరుచుకున్నప్పుడు లేచే సుడులు సెన్సార్‌ను తికమక పెడతాయి.

మూడో పని: వేడి వైపా, చల్లని వైపా

టర్బో నుంచి ఇంటర్‌కూలర్ దాకా ఉన్న పైపు వేడి వైపు, ఇంటర్‌కూలర్ నుంచి థ్రాటిల్ దాకా ఉన్నది చల్లని వైపు. బయట 35 డిగ్రీలు ఉన్న రోజు ఒక బార్ బూస్టు ఇస్తున్న కంప్రెసర్ 70 శాతం సామర్థ్యంతో పనిచేస్తోందనుకుంటే, దాని నుంచి వచ్చే గాలి సుమారు 130 డిగ్రీలు ఉంటుంది. ఆ వేడిలో డయాఫ్రమ్, ఓ-రింగులు, పిస్టన్ మీది గ్రీజు త్వరగా ముసలివవుతాయి. చల్లని వైపు పెట్టమనడానికి నాకు కనిపించే గట్టి కారణం ఇదే.

రెండో కారణం గాలి నడక. తరంగం పుట్టేది థ్రాటిల్ పలక దగ్గర. అక్కడే దారి దొరికితే పైపుల్లోని గాలి తన దిశ మార్చుకోకుండా ఇంటర్‌కూలర్ గుండా ముందుకే సాగి బయటపడుతుంది. మళ్ళీ కాలు నొక్కినప్పుడు బూస్టు కొంత త్వరగా అందుకుంటుంది.

మరి ఫ్యాక్టరీ వాళ్ళు టర్బో మీదే ఎందుకు పెడతారు? టర్బో నోరు పక్కనే ఉంటుంది కాబట్టి తిరుగు గొట్టం అక్కర్లేదు. ఖర్చు తగ్గుతుంది, ఊడిపోయే జాయింట్లు తగ్గుతాయి. వేడికి తట్టుకునే పదార్థాలతో వాల్వును వాళ్ళే తయారు చేయించుకుంటారు. అది తప్పు కాదు, వాళ్ళ అవసరాలకు సరైన జవాబు.

ఈ రెండు చోట్ల మధ్య తేడాను అతిగా ఊహించుకోవద్దు. ఒత్తిడి తరంగం వెచ్చని గాలిలో సెకనుకు సుమారు 360 మీటర్లు వెళ్తుంది. రెండు మీటర్ల పైపు దాటడానికి దానికి ఆరు మిల్లీసెకన్లు కూడా పట్టదు. సన్నగా, పొడవుగా, మెత్తగా ఉన్న సిగ్నల్ గొట్టం (మ్యానిఫోల్డ్ నుంచి వాల్వు పై గదికి వెళ్లేది) చేసే ఆలస్యం అంతకంటే ఎక్కువ. చల్లని వైపు చోటు నిజంగా దొరకకపోతే వేడి వైపు పెట్టి, సిగ్నల్ గొట్టం, లీకేజీల మీద శ్రద్ధ పెట్టండి. ఆ కారు బాగానే నడుస్తుంది.

నాలుగో పని: అంగుళాల లెక్కలో చోటు

థ్రాటిల్ బాడీ నుంచి ఒక అడుగులోపు ఉండే, లోహపు పైపు తిన్నగా సాగే భాగం చూసుకోండి. రబ్బరు, సిలికాన్ గొట్టాల మీద వాల్వు బరువు వేలాడదీయకూడదు. పైపు చివర నుంచి రెండు అంగుళాలైనా వదలండి, లేకపోతే గొట్టం, క్లాంపు కూర్చోవడానికి జాగా మిగలదు. గాలి ఉష్ణోగ్రతను, ఒత్తిడిని కొలిచే సెన్సార్లకు ఆనించి పెట్టకండి.

వాల్వును పైపు పైభాగాన నిటారుగా గానీ పక్కకు గానీ ఉంచండి. కిందికి వేలాడేలా పెడితే పైపులో చేరే నూనె అంతా వాల్వులోకి దిగుతుంది. బంపర్ కింద, చక్రం తొట్టి దగ్గర అసలే వద్దు. వానాకాలంలో బురద నీళ్ళు ఎగిసిపడే చోట పిస్టన్ పట్టేస్తుంది.

ఇంజిన్ తన మౌంట్ల మీద ఊగుతుందని చాలామంది మరిచిపోతారు. నిలబడి ఉన్న కారులో వేలు దూరే సందు ఉన్నంత మాత్రాన చాలదు. ఇంజిన్‌కు తగిలించిన పైపు మీది వాల్వుకూ, బాడీకి తగిలించిన రేడియేటర్ ఫ్యానుకూ, బ్యాటరీ తట్టకూ మధ్య అంగుళానికి తగ్గకుండా ఖాళీ ఉంచండి. బానెట్ ఎత్తు చూడటానికి వాల్వు నెత్తిన మెత్తటి బంకమట్టి ముద్ద పెట్టి బానెట్ మూసి తెరవండి. ముద్ద ఎంత అణిగిందో చూస్తే సంగతి తెలుస్తుంది. వాల్వు నోరు వైర్ల జాయింట్ల మీదికి, బెల్టు మీదికి చూడకూడదు.

ఐదో పని: కోత, వెల్డింగు

పైపును కారు నుంచి విప్పి బల్ల మీద పెట్టండి. కారులో ఉండగా డ్రిల్లు పెడితే లోహపు రజను నేరుగా ఇంజిన్‌లోకి వెళ్తుంది. దాని తర్వాత వచ్చే ఖర్చుతో పోలిస్తే పైపు విప్పే శ్రమ ఏపాటిది?

అల్యూమినియం పైపుకు అల్యూమినియం ఫ్లాంజ్, స్టీలు పైపుకు స్టీలు ఫ్లాంజ్ తీసుకోవాలి. ఈ రెండింటినీ కలిపి మామూలు వెల్డింగు చేయలేరు. అల్యూమినియం పని టిగ్ వెల్డింగు చేతనైనవారికే ఇవ్వండి. వెల్డింగు చేసేటప్పుడు వాల్వు ఫ్లాంజ్‌లో ఉండకూడదు, ఓ-రింగు కాలిపోతుంది. రంధ్రం ఫ్లాంజ్ లోపలి కొలతకు సమానంగా ఉండాలి. చిన్నగా కోసి వదిలేస్తే పెద్ద వాల్వు కొన్న డబ్బు వృథా.

వేడికి ఫ్లాంజ్ ముఖం కొద్దిగా వంగుతుంది. చదునైన గాజు మీద సన్న గరుకు కాగితం పరిచి ఫ్లాంజ్ ముఖాన్ని రుద్దితే ఎత్తుపల్లాలు బయటపడతాయి, అవి పోయేదాకా రుద్దండి. తర్వాత లోపలి అంచుల పొరకలు ఆకురాయితో తీసి, సబ్బు నీళ్ళతో కడిగి, గాలి కొట్టి, తెల్ల బట్ట పైపులో లాగి చూడండి. బట్ట తెల్లగా వచ్చేదాకా కడగడం ఆపవద్దు.

వెల్డింగు కుదరనివారికి రెండు పైపుల మధ్య ఇమిడే లోహపు టీ ముక్కలు దొరుకుతాయి. అదనంగా రెండు జాయింట్లు వస్తాయి కాబట్టి మంచి టీ-బోల్టు క్లాంపులు వాడండి.

ఆరో పని: సిగ్నల్ గొట్టం

నన్ను అడిగితే మొత్తం పనిలో ఎక్కువ మంది అశ్రద్ధ చేసేది దీన్నే. సిగ్నల్ థ్రాటిల్ పలక దాటాక, మ్యానిఫోల్డ్ నుంచే తీసుకోవాలి. పలకకు ముందు పైపు నుంచి తీసుకుంటే వాల్వుకు వాక్యూమ్ అందదు, అది తెరుచుకోదు. లోపలి వ్యాసం నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్లు, పొడవు వీలైనంత తక్కువ, గోడ మందంగా ఉండే గొట్టం వాడండి. పలచటి సిలికాన్ గొట్టం వాక్యూమ్‌కు అణిగి మూసుకుపోతుంది.

మ్యానిఫోల్డ్ మీద వాల్వుకు సొంత నిపుల్, అంటే గొట్టం తొడిగే చిన్న మూతి, ఉండాలి. ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్, బూస్ట్ గేజు గొట్టాలకు టీ పెట్టి పంచుకోవద్దు. బ్రేక్ బూస్టర్ గొట్టంలో వన్-వే వాల్వు ఉంటుంది. దాని అవతల నుంచి సిగ్నల్ తీసుకుంటే వాక్యూమ్ అక్కడే నిలిచిపోయి బ్లో-ఆఫ్ వాల్వు మూసుకోదు. పైగా బ్రేకులతో ఆటలాడకూడదు.

ఏడో పని: తిరుగు గొట్టం

తిరిగి పంపే పద్ధతిలో గొట్టం వ్యాసం వాల్వు నోటికి తగ్గకూడదు. అది ఇన్‌టేక్ పైపులో కలిసే చోట టర్బో వైపు ఏటవాలుగా కలవాలి, ఎంఏఎఫ్‌కు వీలైనంత దూరంగా ఉండాలి. ఎదురుగా కలిస్తే ఆ ఊపు సెన్సార్ దాకా వెనక్కి తన్ని లెక్క తప్పిస్తుంది.

సుబారు ఉదాహరణలో ఇన్‌టేక్ గొట్టానికి ఫ్యాక్టరీ బైపాస్ నిపుల్ ఎలాగూ ఉంటుంది. కొత్త వాల్వు నుంచి అక్కడికే గొట్టం తీసుకెళ్ళవచ్చు. దాన్ని వాడకపోతే మూత బిగించడం మరిచిపోకండి. తెరిచి ఉంటే టర్బో అక్కడి నుంచి వడపోత లేని, కొలత లేని గాలిని పీల్చుకుంటుంది.

ఎనిమిదో పని: స్ప్రింగు

ఇంజిన్ వేడెక్కాక, ఏసీ ఆపి, ఐడిల్‌లో మ్యానిఫోల్డ్ వాక్యూమ్‌ను గేజుతో చూడండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ సముద్రమట్టం దగ్గర సుమారు 18 నుంచి 22 అంగుళాల పాదరసం చూపిస్తుంది. ఊరి ఎత్తును బట్టి ఇది మారుతుంది. విశాఖపట్నంలో 20 చూపించిన కారు, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో దాదాపు 18 చూపిస్తుంది, బెంగళూరులో 17 దగ్గరకు వస్తుంది. వాల్వు తయారీదారు ఇచ్చే స్ప్రింగు పట్టికలో చూసుకోవలసింది మీ ఊళ్ళో, మీ కారు చూపించిన అంకె.

గాలిని బయటకు వదిలే వాల్వు అయితే, ఐడిల్‌లో మూసుకుని ఉండే స్ప్రింగులలో అన్నిటికంటే మెత్తనిది ఎంచుకోండి. ఐడిల్‌లో తెరిచి ఉంటే వడపోత లేని గాలి లోపలికి వస్తుంది. తిరిగి పంపే వాల్వు ఐడిల్‌లో కొద్దిగా తెరుచుకున్నా నష్టం లేదు.

తొమ్మిదో పని: లీకు పరీక్ష, రోడ్డు పరీక్ష

టర్బో నోటికి మూత బిగించి గాలి ఎక్కించి, జాయింట్ల మీద సబ్బు నీళ్ళు చల్లి చూస్తారు. 0.7 బార్ చాలు. ఇంజిన్ అడుగు భాగం (క్రాంక్‌కేస్) నుంచి వచ్చే గొట్టాన్ని ముందు మూసేయండి, లేకపోతే ఆ ఒత్తిడి ఆయిల్ సీళ్ళ మీద పడుతుంది. ఇక్కడే ఒక చిక్కు ఉంది. థ్రాటిల్ మూసి ఉండగా ఒత్తిడి పైపు వరకే వెళ్తుంది, వాల్వు పై గదికి చేరదు. అప్పుడు పైపులోని గాలే వాల్వును నెట్టి తెరిచేస్తుంది. దాన్ని చూసి వాల్వు పాడైందని తిప్పి పంపినవాళ్ళున్నారు. సిగ్నల్ గొట్టాన్ని తాత్కాలికంగా అదే గాలికి కలిపి పరీక్షించండి. రెండు వైపులా ఒత్తిడి ఉన్నప్పుడు కూడా లీకైతేనే అది నిజమైన లోపం.

తర్వాత ఖాళీ రోడ్డు మీద చూడండి. తక్కువ బూస్టులో కాలు తీసినప్పుడు కాస్త టపటపలాడితే స్ప్రింగును కొద్దిగా సడలించండి. పూర్తి బూస్టులో కాలు తీసినా టపటపలాడితే సిగ్నల్ గొట్టం సన్నబడిందో, మడత పడిందో, వాల్వు చిన్నదో చూడాలి. బూస్టు ముందున్నంత రాకపోతే ఫ్లాంజ్, క్లాంపులు తడిమి చూడండి. కారు ఆగేటప్పుడు ఇంజిన్ ఆరిపోతుంటే రెండో పనికి తిరిగి వెళ్ళండి, గాలి లెక్క ఎక్కడో తప్పింది. ఈసీయూ అంకెలు చదివే ఓబీడీ రీడర్ ఉంటే ఫ్యూయల్ ట్రిమ్ అంకెలను (ఈసీయూ పెట్రోలును ఎంత సర్దుతోందో చూపేవి) వాల్వు బిగించక ముందు, బిగించిన తర్వాత పోల్చుకోండి. అవి పది శాతానికి మించి మారితే ఆ కారును బూస్టులో నడపవద్దు.

కొత్త సిలికాన్ గొట్టాలు వేడికి సర్దుకుంటాయి. రెండు మూడు వందల కిలోమీటర్ల తర్వాత, ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక, క్లాంపులన్నీ మరోసారి బిగించండి.